ఎవరి గ్రంథాలకు ఎవరి చందా?

"మనవాళ్లు ఉచితానికి మరిగారు" అనే మాట ఈమధ్య చదువుకున్న పెద్దల నోట తరచు వినవస్తున్నది. తార్నాక చౌరస్తాలో టీ తాగుతూ వినవచ్చు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్లమీద వినవచ్చు. సదస్సులలో అధ్యక్షోపన్యాసాల చివర కూడా వినవచ్చు. నిన్నటిదాకా ఉచితంగా నడిచిన ఆన్‌లైన్ సదుపాయం ఒకటి ఇవాళ నెలచందా అడిగిందనుకోండి. విద్యార్థి ఎవడైనా గొణిగితే చాలు, వెంటనే నీతిబోధ మొదలవుతుంది: సర్వర్లు గాలిమీద నడవవు, ఇంజనీర్లు గాలి భోంచెయ్యరు, వాడుకున్నవాడు వెల చెల్లించాలి, అదే న్యాయం.

వెల చెల్లించటం తప్పని వాదించేవాణ్ణి కాను నేను. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. వెల పుచ్చుకునే అమ్మాడు. అందులో తప్పేమీ లేదు. తన చెమట, తన కాగితం, తన అచ్చుకూలి ఆ వెలలో వున్నాయి. కాని ఏ వస్తువుకు వెల, ఆ వెల ఎవరికి చెల్లుతున్నది, అనే రెండు ప్రశ్నలనూ దాటవేసి న్యాయం మాట్లాడటం వట్టి వితండవాదం. ఆ రెండు ప్రశ్నలూ అడిగితే, ఈనాడు మనముందు జరుగుతున్నది వ్యాపారం కూడా కాదనీ, ఆశీలు వసూలనీ తేలుతుంది. సంతకు కూరగాయలు తెచ్చేది రైతు, కొనేది కూలివాడు. దారికడ్డంగా నిలబడి ఇద్దరి దగ్గరా పుచ్చుకొనేది ఆశీలు పాడుకున్న కంట్రాక్టరు.

పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌లో చదివేవారికి ఒక పుట సుపరిచితం. పుస్తకం తెరవగానే "యూనివర్సల్ లైబ్రరీ" అనే మాటలు కనిపిస్తాయి. వాటి పక్కన "ఓయూ" అనే రెండక్షరాలు, ఒక పొడుగాటి అంకె. ఆ తరువాత ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ చీటీ: కాల్ నంబరు, అక్సెషన్ నంబరు, గ్రంథకర్త పేరు, గ్రంథం పేరు, అడుగున, ఫలానా తేదీలోపల పుస్తకం తిరిగి ఇవ్వాలన్న హెచ్చరిక. ఆ తేదీలు ఏనాడో గడిచిపోయినాయి. ఆ పుస్తకాన్ని అరువు తీసుకున్న విద్యార్థి ఎవరో, ఏ ఊరినుంచి వచ్చి ఏ హాస్టల్లో వున్నాడో మనకు తెలియదు. ఆ చీటీ మాత్రం ఇవాళ అమెరికాలోనూ ఆస్ట్రేలియాలోనూ తెలుగు చదివే ప్రతివాడి తెరమీదా కనిపిస్తున్నది.

ఈ చీటీ అక్కడికి ఎట్లా చేరిందో చెప్పుకోవాలి. మన నీతిబోధకులు చెప్పని కథ అదే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకాలను లోకంలో ఎవరైనా డబ్బివ్వకుండా చదువుకొనేట్లు చెయ్యాలని సంకల్పించారు. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదు త్రిబుల్ ఐటీ మొదలైన సంస్థలు అందులో చెయ్యి కలిపినాయి. అమెరికా ప్రభుత్వపు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. మన ప్రభుత్వమూ ఇచ్చింది. మన దేశపు భాగానికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని పేరు. 2007 నవంబరు నాటికి అన్ని దేశాలలోనూ కలిసి స్కానయిన పుస్తకాలు 15 లక్షలు దాటినాయని ప్రకటించారు. పుట తరువాత పుట తిప్పి యంత్రం కింద పెట్టిన కూలివాళ్ల పేర్లు ఎక్కడా లేవు. వంకరపోయిన పుటల్లో, అంచు తెగిన పంక్తుల్లో, దాటిపోయిన పుటల్లో వాళ్ల తొందర మాత్రం కనిపిస్తుంది. రోజుకు ఇన్ని పుటలని లెక్కగట్టి పని చేయిస్తే పుటలు దాటిపోక ఏమవుతాయి?

కనుక ఆ పుస్తకానికి వెల ఎన్నోసార్లు చెల్లింది. రచయిత శ్రమ ఒకటి. యూనివర్సిటీ ప్రజల డబ్బుతో పుస్తకం కొన్నది. ప్రజల డబ్బుతోనే దాన్ని దశాబ్దాలపాటు చెదలనుంచి కాపాడింది. మళ్లీ ప్రజల డబ్బుతోనే అది స్కానయింది. కాపీహక్కు గొడవల నడుమ 2017 నాటికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాకిలి మూతపడింది. పబ్లిక్ రిసోర్స్ సంస్థ నడిపే కార్ల్ మలమూద్ అనే అమెరికన్ పూనుకొని ఆ లక్షల పుస్తకాల ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టకపోతే, ఇంత శ్రమా ఏ మూలనో డిస్కులలో పడి వుండేది. మన ప్రభుత్వం కట్టిన ఇంటికి మన ప్రభుత్వమే తాళం వేస్తే, పైదేశపు మనిషి వచ్చి కిటికీ తెరిచాడు. దీనికి సిగ్గుపడవలసినవారు సిగ్గుపడ్డ దాఖలా నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఆ పుస్తకాలే చందా సైట్లలో కూడా వున్నాయి. కొంతకాలం కిందట ఒక పరిశోధక విద్యార్థి నా దగ్గరకు వచ్చి, వీరేశలింగం కాలపు గ్రంథమొకటి దొరికింది గాని, రెండు పుటలు కనిపించి మూడో పుటనుంచి మసకబారుతున్నదనీ, మొదటి నెల ఉచితమన్నారు గదా అని కార్డు నంబరు ఇస్తే రెండో నెల అడక్కుండానే డబ్బు కోసుకున్నారనీ చెప్పాడు. ఫోను చూపించమన్నాను. మొదటి పుటలో "ఓయూ" అక్షరాలు, వాటి కింద మన లైబ్రరీ చీటీ. "ఏమయ్యా, ఈ పుస్తకం నీ హాస్టలుకు రెండు ఫర్లాంగుల దూరంలో వున్నది గదా" అన్నాను. "అడిగాను సార్, బీరువాలో దొరకలేదన్నారు" అన్నాడు. అది ఏ సైటో ఇక్కడ అనవసరం. ఒకటి కాదు, అట్లాంటివి ఎన్నో వున్నాయి.

చట్టం దృష్ట్యా ఇది నేరం కాదని ముందే ఒప్పుకుంటాను. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్లకు ఆయన రచనమీద హక్కు ఎవరికీ వుండదు. గురజాడ 1915లో, వీరేశలింగం 1919లో పోయారు. వాళ్ల గ్రంథాలు అందరివీ. అందరివీ కనుక ఎవరైనా అచ్చువేసి అమ్ముకోవచ్చు. కాని అచ్చువేసేవాడు అక్షరాలు కూర్చాలి, కాగితం కొనాలి, తప్పులు దిద్దాలి. ఈ సైట్లు చేసిన పని ఏమిటి? మన పల్లెల్లో బందెలదొడ్డి అనేది ఒకటి వుండేది. చేలో పడిన పశువును తోలుకుపోయి అందులో కట్టేస్తే, యజమాని రుసుం చెల్లించి విడిపించుకోవాలి. అక్కడైనా పశువు పంట మేసిందన్న సాకు వున్నది. ఇక్కడ పాఠకులే నమ్మి, నలుగురికీ పాలు దొరుకుతాయని ఆవును తోలుకెళ్లి వాళ్ల దొడ్లో కట్టారు. తలుపు ఆ తరువాత పడింది.

తలుపు పడ్డ తేదీలు లోకానికి తెలిసినవే. స్క్రిబ్డ్ అనే సంస్థ 2007లో మొదలైనప్పుడు, ఎవరి దగ్గర వున్న పత్రాలు వాళ్లు తెచ్చి నలుగురితో పంచుకొనే చోటు అది. 2010లోనే పాత పత్రాలకు రుసుం పెట్టి గొడవ తెచ్చుకున్నది. 2013 అక్టోబరులో నెలకు 8.99 డాలర్ల చందా పెట్టింది. స్లైడ్‌షేర్ కథ ఇంకా విశదంగా వుంటుంది. 2006లో మొదలైంది, దాని ఇంజనీర్లలో చాలామంది ఢిల్లీలో పనిచేశారు. ప్రపంచంలోని ఉపాధ్యాయులు, అందులో మన కాలేజీల లెక్చరర్లు కూడా, తమ పాఠాల స్లైడ్లు తెచ్చి అందులో పెట్టారు. 2012లో లింక్‌డిన్ దాన్ని సుమారు 12 కోట్ల డాలర్లకు కొన్నది. 2020లో అది స్క్రిబ్డ్ చేతికి వచ్చింది. ఆ 12 కోట్ల డాలర్లు దేని వెల? యంత్రాల వెలా? అవి సంతలో దొరుకుతాయి. అందులో వున్న పాఠాల వెల, ఆ పాఠాలకోసం వచ్చే జనం వెల. పాఠాలు రాసినవారికి అందులో వాటా ఎంత అని అడిగినవారు లేరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని నవ్వుకుంటాం. ఇక్కడ అల్లుడు దానమైనా చెయ్యలేదు, అమ్ముకున్నాడు.

అకాడెమియా అనే సైటు మరీ చిత్రమైనది. పేరు చూసి అదేదో విద్యాపీఠమని మా మిత్రులు చాలామంది నమ్మారు. అది 2008లో పుట్టిన ప్రయివేటు కంపెనీ. 2016 చివర ప్రీమియం పెట్టింది. "మీ పేరును ఎవరో ఒక వ్యాసంలో ప్రస్తావించారు" అని ఉత్తరం వస్తుంది. ఎవరో, ఎక్కడో తెలుసుకోవాలంటే చందా కట్టాలి. పండితుడి కీర్తికాంక్షమీద కూడా పన్ను వెయ్యవచ్చునని కనిపెట్టినవాడి తెలివిని మెచ్చుకోవలసిందే.

కాని పండితులు బతికిపోతారు. నన్ను బాధించేది పరీక్షల నోట్సుల వ్యవహారం. స్టుడోకు అనే డచ్చి కంపెనీ మొదలైన సైట్లలో లోకంలోని యూనివర్సిటీల నోట్సులూ, పాత ప్రశ్నపత్రాలూ గుట్టలుగా పడి వున్నాయి. ప్రశ్న యూనివర్సిటీది, జవాబు విద్యార్థిది; రాత్రంతా మేలుకొని రాసింది వాడు, ఫోనుతో ఫోటో తీసి ఎక్కించింది వాడు. మంచి నోట్సులకు మాత్రం ప్రీమియం అనే కిరీటం పెట్టి తలుపు వేస్తారు. తలుపు తెరవాలంటే డబ్బు కట్టాలి. డబ్బు లేకపోతే మరో నోట్సు తెచ్చి ఇవ్వాలి. డబ్బు లేనివాడి చేత పని చేయించుకొనే ఈ పద్ధతి తెలంగాణలో పుట్టినవాడికి కొత్తగా వివరించి చెప్పనక్కరలేదు. పోలిక అతిగా వున్నదంటారేమో. బాధలో పోలిక లేదు, నిజమే. దొర గడీ వేరు, ఈ తెర వేరు. లెక్క రాసే పద్ధతిలో పోలిక వున్నది.

ఇక సర్వర్ల ఖర్చు. ఖర్చు లేదని ఎవరన్నారు? ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు ఖర్చు లేదా? తెలుగు వికీసోర్స్‌లో పాత గ్రంథాలను అక్షరం అక్షరం సరిచూసి పెడుతున్నవారికి కరెంటు ఊరకే వస్తున్నదా? ఆ ఖర్చును వాళ్లు విరాళాలతో భరిస్తున్నారు, లెక్కలు బయటపెడుతున్నారు, తలుపు వెయ్యటం లేదు. అదే పుస్తకం, అదే స్కాను, అదే చీటీ; ఒకచోట ఉచితం, మరొకచోట చందా. రెండిటికీ మధ్య తేడా సర్వరు ఖర్చు కాలేదు. తేడా అల్లా వాటాదార్లు.

"ఇష్టం లేకపోతే మానెయ్యండి, ఎవరు బలవంతపెట్టారు" అనే వాదం మరొకటి వున్నది. దీనికి జవాబు పుస్తకాల్లో వెతకనక్కరలేదు, జేబులోని ఫోనే చాలు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. 2017 మార్చి దాకా మాటలూ డేటా అంతా ఉచితం. ఆ పోటీకి తట్టుకోలేక 2018 నాటికి ఎయిర్‌సెల్ దివాలా తీసింది. వోడాఫోన్, ఐడియా ఒకటైనాయి. టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిసింది. 2024 జూలైలో మిగిలిన పెద్ద కంపెనీలన్నీ దాదాపు ఒకేసారి రేట్లు పెంచినాయి. మానెయ్యమంటే ఎక్కడికి పోవాలి? ఏరు దాటి తెప్ప తగలేశాడన్న సామెత వున్నది. ఇక్కడ ఏరు దాటినవాడు తన తెప్పను భద్రంగా వుంచుకొని పక్కవాళ్ల తెప్పలు తగలేస్తాడు. గూగుల్ విద్యాసంస్థలకు అంతులేని నిల్వస్థలం ఉచితమన్నది; 2021 ఫిబ్రవరిలో ఇక సంస్థ మొత్తానికి 100 టెరాబైట్లేననీ, అంతకు మించితే కొనుక్కోవాలనీ ప్రకటించి, 2022 జూలైనుంచి అమలుకు దిగింది. ఉచితమని నమ్మి సొంత ఏర్పాట్లు వదులుకున్నవారికి అప్పుడు బేరమాడే శక్తి ఎక్కడిది?

కంపెనీల స్వభావం అంతే అనుకుందాం. పులి గడ్డి మెయ్యలేదని ఫిర్యాదు చెయ్యటమెందుకు? ప్రభుత్వరంగం ఏం చేసిందో చూడండి. 2016 జనవరిలో గూగుల్, రెయిల్‌టెల్ కలిసి రైల్వేస్టేషన్లలో ఉచిత వైఫై మొదలుపెట్టినాయి. ముంబయి సెంట్రల్ తరువాత ఏప్రిల్‌లో వచ్చిన తొమ్మిది స్టేషన్లలో మన కాచిగూడ ఒకటి. ఉస్మానియా క్యాంపసుకు ఆనుకొని వున్న జామై ఉస్మానియా స్టేషన్నుంచి కాచిగూడ రెండో స్టేషను. సెల్ డేటా చవకైందని చెప్పి 2020లో గూగుల్ తప్పుకున్నది. రెయిల్‌టెల్ కొనసాగించింది. 2021 మార్చి 4న 4,000 స్టేషన్లలో చందా ప్లాన్లు ప్రకటించింది: రోజుకు అరగంట మందవేగంతో ఉచితం, ఆపైన కావాలంటే రోజుకు 10 రూపాయల మొదలు నెలకు 70 రూపాయల దాకా. పది రూపాయలు ఒక లెక్కా అంటారు. లెక్క పది రూపాయలది కాదు. ఆ ఫైబరు రైల్వే భూమిలో ప్రజల డబ్బుతో పడింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం అందులో తన వాటాను 819 కోట్లకు అమ్మింది; 26వ తేదీన కంపెనీ షేరుబజారు కెక్కింది; వారం తిరిగేసరికి చందా. ఉత్తరప్రదేశ్ స్టేషన్లలో ప్రయోగం అంతకు ముందే జరిగిందన్నదీ నిజమే, కనుక ఒకటి మరొకదానికి కారణమని నేను సాక్ష్యం పలకను. కాని రెండు పనులూ ఒకే దృష్టినుంచి పుట్టినవని చెప్పటానికి సాక్ష్యం అక్కరలేదు.

ఆ దృష్టికి ఎదురుగా మనకు మరొక దృష్టి వున్నది, కొత్తది కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారు ఉచితమంటే ఖర్చు లేనిదని భ్రమపడలేదు. వున్నవాళ్లు ముందుగా పెట్టుకుంటే లేనివాడు లోపలికి నడిచి వచ్చి చదువుకుంటాడని అనుకున్నారు. 1960 నాటి గ్రంథాలయ చట్టంలో ఆ ఊహే శాసనమైంది. ఇవాళ తార్నాకలో ఇల్లున్న ప్రతివాడూ ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. "ఉచితానికి మరిగారు" అన్న పెద్దమనిషి కూడా కడుతున్నాడు. రసీదు తీసి చూసుకోమనండి. మనం కోరే ఉచితం ఇది: అందరూ కలిసి ముందే చెల్లించి, వాకిట్లో ఎవరినీ ఆపకపోవటం. కంపెనీ ఇచ్చే ఉచితం మరొకటి: గిరాకీ కుదిరేదాకా ఎర. రెండిటికీ తెలుగులో ఒకటే మాట వుండటం మన దురదృష్టం. దాన్ని ఆసరా చేసుకొని మొదటిదాన్ని ఎగతాళి చెయ్యటం మన మేధావుల అలవాటు.

ప్రభుత్వం కళ్లు మూసుకొని కూర్చోలేదనీ, "ఒకే దేశం ఒకే చందా" పెట్టిందనీ గుర్తు చేస్తారు. మంచిదే. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టి 30 ప్రచురణ సంస్థల పత్రికలు, సుమారు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తున్నారు. తార్నాకలో నిలబడి ఈ లెక్క చూడండి. ఒకపక్క ఐఐసీటీ, ఒకపక్క జాతీయ పోషకాహార సంస్థ, కాస్త ముందుకు పోతే సీసీఎంబీ. అక్కడి శాస్త్రజ్ఞులు ప్రజల జీతంమీద పరిశోధన చేస్తారు, వ్యాసం రాస్తారు; పక్కవారి వ్యాసాన్ని కూలి లేకుండా పరిశీలించి పెడతారు. ఆ వ్యాసాలు అచ్చువేసే కంపెనీలకే ఈ 6,000 కోట్లు. పైగా ఆ తలుపు సంస్థ గుర్తింపు వున్నవాడికి తెరుచుకుంటుంది. ఎం.ఏ. అయిపోయి, ఉద్యోగం రాక, గ్రూపు పరీక్షలకోసం మాణికేశ్వర్‌నగర్‌లోనూ తార్నాకలోనూ ఒక గదిలో నలుగురు సర్దుకొని చదువుతున్న కుర్రవాడికి గుర్తింపు కార్డు ఎక్కడిది? ఉచితం పోయినప్పుడల్లా మొదట దెబ్బ తినేది వాడు. టెస్టు సిరీసుకు ఒక చందా, నోట్సులకు ఒక చందా, పాఠాలకు ఒక చందా; మెస్సు బిల్లు అన్నిటికీ చివర.

చెయ్యగలిగిన పనులు వున్నాయి, పెద్దవి కూడా కావు. సిద్ధాంతవ్యాసాలను శోధగంగలో పెడుతున్నాం; దేశమంతా డబ్బు లేకుండా చదువుతున్నది. అట్లాంటప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం తన పాత ప్రశ్నపత్రాలన్నిటినీ, ఏ సబ్జెక్టుదైనా, ఏ సంవత్సరానిదైనా, తన సైటులో తానే పెట్టటానికి అడ్డమేమిటి? అధ్యాపకుల సంఘాలు తమ సభ్యుల పాఠాలను, ఉచితంగా ఇచ్చినది ఉచితంగానే వుండాలన్న షరతు రాసి మరీ, పబ్లిక్ సంస్థలలో పెట్టించవచ్చు. అభ్యుదయ రచయితలు తమ పుస్తకాల ప్రతులు ఎక్కడపడితే అక్కడ ఎక్కించటం మాని, ఆ షరతుతోనే వికీసోర్స్‌కు ఇవ్వవచ్చు.

అన్నిటికంటె ముందు "ఓయూ" అంకెలున్న గ్రంథాల జాబితా తయారుకావాలి. హక్కు తీరిన వాటిని విశ్వవిద్యాలయమే తన పేరుమీద ప్రజలకు తెరవాలి. స్కానులో దాటిపోయిన పుటలు ఆ లైబ్రరీ బీరువాలలోనే వున్నాయి. వాటిని ఏ చందా సైటూ తెచ్చి అతికించదు. తెలుగు శాఖలో, ఉర్దూ శాఖలో పదిమంది విద్యార్థులకు రోజుకు ఇంత అని కూలి ఇచ్చి ఒక వేసవి పని చేయిస్తే, ముందు ఏయే పుస్తకాల్లో ఏయే పుటలు లేవో తేలుతుంది. వాళ్ల పేర్లు ఈసారి పుస్తకం మొదటి పుటలోనే, ఆ చీటీ పక్కన, వెయ్యాలి.